పోస్ట్‌డాక్ వెతుక్కోవడం ఎలా: నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి

డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా మనకి అలవాటైన దారి ఒకటే. నోటిఫికేషన్ పడాలి, ఫీజు కట్టాలి, పరీక్ష రాయాలి, లిస్టులో పేరు చూసుకోవాలి. నెట్ అయినా గేట్ అయినా అంతే. పోస్ట్‌డాక్ దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటే మనల్ని వెనక్కి లాగుతుంది. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు చేసే పరిశోధన ఉద్యోగం. సైన్సులో అది ఒక ప్రొఫెసర్‌కీ మీకూ కుదిరే ఒప్పందం. వాళ్ల దగ్గర గ్రాంటు డబ్బు ఉండాలి, లేదంటే మీరే ఫెలోషిప్ తెచ్చుకోవాలి. ఇద్దరికీ ఒకే ప్రశ్న మీద మనసు ఉండాలి. ప్రకటన చివర్లో వస్తుంది. చాలాసార్లు అది బయటికి వచ్చేసరికే ఆ ప్రొఫెసర్ మనసులో ఒక పేరు ఉంటుంది. ఆ పేరు మీది కావడానికి ఏం చేయాలో వరసగా చెబుతాను.

నాది బయోకెమిస్ట్రీ. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేశాను. అందుకే ఉదాహరణలు బయాలజీ, కెమిస్ట్రీ వైపు ఎక్కువగా ఉంటాయి. ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్ల పద్ధతి వేరు, వాళ్ల కోసం మధ్యలో ఒక మాట చెబుతాను.

ఏడాది ముందు నుంచి లెక్క వేసుకోండి

థీసిస్ సబ్మిట్ చేద్దామనుకున్న తేదీ నుంచి పన్నెండు నెలలు వెనక్కి లెక్కపెట్టండి. వెతుకులాట ఆ రోజు మొదలవ్వాలి. సబ్మిట్ చేశాక చూద్దాంలే అనుకున్నవాళ్లు చేతిలో జీతం లేకుండా నెలల తరబడి ఇంట్లో కూర్చోవడం నేను కళ్లారా చూశాను.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. సబ్మిషన్‌కీ వైవాకీ (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) మధ్య ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. నా థీసిస్ మీద ఒక ఎగ్జామినర్ రిపోర్టు రావడానికే ఎనిమిది నెలలు పట్టింది. గడువు తేదీ నాటికి వైవా పూర్తయి ఉండాలన్న నిబంధన వల్ల ఆ ఏడాది నేను రాయాలనుకున్న ఒక ఫెలోషిప్ చేజారిపోయింది. దరఖాస్తు దాదాపు సిద్ధంగా ఉంది, డిగ్రీ లేదు. అందుకే ప్రతి పథకం గురించి మొట్టమొదట చూడాల్సింది ఇదే: థీసిస్ సబ్మిట్ చేస్తే చాలా, వైవా అయి ఉండాలా? మన ప్రభుత్వ ఎన్‌పీడీఎఫ్‌కి (నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్) సబ్మిట్ చేసినవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. యూరప్‌లోని మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి మాత్రం గడువు రోజుకి వైవా నెగ్గి ఉండాలి.

రెండో లెక్క వయసుది, డిగ్రీ తేదీది. ఎన్‌పీడీఎఫ్‌కి 35 ఏళ్లు పరిమితి. మహిళలకీ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకీ, దివ్యాంగులకీ సడలింపు ఉంది. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్ పోస్ట్‌డాక్ విభాగానికి పీహెచ్‌డీ అయిన నాలుగేళ్ల లోపు అడగాలి. యూరప్ జీవశాస్త్ర సంస్థ ఎంబో ఇచ్చే ఫెలోషిప్‌కి రెండేళ్ల లోపే. మేరీ క్యూరీకి పీహెచ్‌డీ తర్వాత పరిశోధన అనుభవం ఎనిమిదేళ్లు మించకూడదు. తిరిగొచ్చి ఇక్కడ ఫ్యాకల్టీగా చేరాలని ఉంటే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ పథకం వయసు పరిమితి సాధారణ వర్గానికి 32 అన్నది కూడా ఇప్పుడే గుర్తుంచుకోండి. ఒక కాగితం మీద మీ పుట్టిన తేదీ, డిగ్రీ రాబోయే తేదీ, పక్కన ఈ పరిమితులన్నీ రాసుకోండి. ఏది ముందు మూసుకుపోతుందో ఇట్టే కనిపిస్తుంది.

పేర్ల జాబితా మీ థీసిస్‌లోనే ఉంది

ఫలానా యూనివర్సిటీ కావాలి, ఫలానా దేశం కావాలి అని మొదలుపెట్టకండి. మనుషులతో మొదలుపెట్టండి. మీ థీసిస్ రిఫరెన్సుల్లో ఎవరి పేపర్లని మళ్లీ మళ్లీ తెరిచారో వాళ్ల పేర్లు రాయండి. మీ పేపర్‌ని ఎవరు సైట్ చేశారో గూగుల్ స్కాలర్‌లో చూడండి, వాళ్లకి మీ పని ముందే తెలుసు కాబట్టి మెయిల్ చదువుతారు. ఆ పేపర్ల చివరి రచయితలతో (సాధారణంగా ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ పేరే చివర ఉంటుంది) పాటు, అందులో ఫస్ట్ ఆథర్లుగా ఉండి ఈ మధ్యనే సొంత ల్యాబ్ పెట్టుకున్నవాళ్లని కూడా వెతకండి. కొత్త ల్యాబ్‌లో మీకు దొరికే సమయం, శ్రద్ధ పెద్ద ల్యాబ్‌లో దొరకవు. పేరు మోసిన ల్యాబ్‌లో పేరు ఉంటుంది, పక్క బెంచీ మీద అదే ప్రశ్న మీద పనిచేసే ఇంకొకరు కూడా ఉంటారు. నన్నడిగితే మొదటి పోస్ట్‌డాక్‌కి ల్యాబ్ పెట్టి మూడు నాలుగేళ్లయిన ప్రొఫెసర్ మేలు.

జాబితా పదిహేను, ఇరవై పేర్లకి మించొద్దు. ఇరవై మందికి శ్రద్ధగా రాసిన మెయిళ్లకి వచ్చే జవాబులు రెండొందల మందికి ఒకే మెయిల్ పంపితే రావు.

ప్రకటనలని అసలు చూడొద్దని కాదు. యూరప్ ఉద్యోగాలకి యూరాక్సెస్, బ్రిటన్‌కి జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే, అన్ని దేశాలకీ నేచర్ కెరీర్స్, సైన్స్ కెరీర్స్ ఉన్నాయి. వీటిలో మీ సబ్జెక్టు పదాలతో అలర్ట్ పెట్టుకుంటే మెయిల్‌కే వస్తాయి. హైదరాబాద్‌లో ఉండాలనుకుంటే హబ్సిగూడలో సీసీఎంబీ, తార్నాకలో ఐఐసీటీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, గోపనపల్లిలో టీఐఎఫ్ఆర్, కందిలో ఐఐటీ, తిరుపతి వైపయితే ఏర్పేడులో ఐఐటీ, ఐఐఎస్ఈఆర్: వీటి సైట్లలో ఉద్యోగాల పేజీ వారానికోసారి తిరగేయండి. ప్రాజెక్టు ఆర్ఏ (రీసెర్చ్ అసోసియేట్) పోస్టులకి గడువు చాలా తక్కువ ఇస్తారు.

ఫిజిక్స్, మ్యాథ్స్, ఖగోళశాస్త్రం వాళ్లకి మాత్రం ప్రకటనలే అసలు దారి. అకడమిక్ జాబ్స్ ఆన్‌లైన్, మ్యాథ్‌జాబ్స్, హై ఎనర్జీ ఫిజిక్స్ వాళ్లకి ఇన్‌స్పైర్-హెచ్ఈపీ సైటు (పైన చెప్పిన పథకం కాదు), ఖగోళానికి అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ జాబ్ రిజిస్టర్. అక్కడ గడువులన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వచ్చిపడతాయి, ఆఫర్లు సంక్రాంతికి అటూ ఇటూ వస్తాయి, చేరేది సెప్టెంబరులో. దసరాకల్లా మీ రీసెర్చ్ స్టేట్‌మెంట్ సిద్ధంగా లేకపోతే ఏడాది పోయినట్టే.

ల్యాబ్‌లో డబ్బు ఉందా?

చాలామంది వదిలేసే మెట్టు ఇది. ప్రొఫెసర్‌కి మీరు నచ్చినా గ్రాంటు లేకపోతే చేసేదేమీ లేదు. గ్రాంటు ఉందో లేదో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. అమెరికాలో ఆరోగ్య, జీవశాస్త్ర రంగాలకి ఎన్ఐహెచ్ రిపోర్టర్ అనే ఉచిత సైటు ఉంది. ప్రొఫెసర్ పేరు కొడితే ఏ గ్రాంటు, ఎంత మొత్తం, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అన్నీ కనిపిస్తాయి. మిగతా సైన్సులకి ఎన్ఎస్ఎఫ్ అవార్డ్ సెర్చ్, యూరప్‌కి కోర్డిస్, బ్రిటన్‌కి గేట్‌వే టు రీసెర్చ్ ఉన్నాయి.

గ్రాంటు కొత్తగా వచ్చినప్పుడు ప్రొఫెసర్‌కి మనుషులు కావాలి, ముగిసిపోయేటప్పుడు పేపర్లు కావాలి. మీరు మొదటి దశలో తలుపు తట్టాలి. యూరప్‌లో ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) స్టార్టింగ్ గ్రాంటు అంటే ఐదేళ్లకి 15 లక్షల యూరోల దాకా ఇస్తారు. ఫలితాలు సాధారణంగా సెప్టెంబరు ప్రాంతంలో వస్తాయి, గెలిచినవాళ్ల పేర్లు, ప్రాజెక్టు పేర్లు బహిరంగంగానే పెడతారు. ఆ జాబితాలో మీ సబ్జెక్టు వాళ్లు కనిపిస్తే ఆ వారమే రాయండి. వాళ్లు ఇంకా ప్రకటన రాసుకునే పనిలోనే ఉంటారు.

2025లో అమెరికాలో పరిశోధన గ్రాంట్లు చాలా మధ్యలోనే ఆగిపోయాయి. కాబట్టి సైటులో గ్రాంటు కనిపించినా, మాట్లాడేటప్పుడు "నా జీతం ఏ గ్రాంటు నుంచి వస్తుంది, అది ఎప్పటిదాకా ఉంది?" అని మర్యాదగా అడిగి తీరాలి. ఆ ప్రశ్నకి మంచి ప్రొఫెసర్ ఎవరూ నొచ్చుకోరు.

మన దేశంలో ప్రాజెక్టు మీద తీసుకునే ఆర్ఏలకి జీతాలు కేంద్రం నిర్ణయించినవే. 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం ఆర్ఏ-1కి నెలకి 58,000, ఆర్ఏ-2కి 61,000, ఆర్ఏ-3కి 67,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. డబ్బు మాత్రం నెలనెలా ఠంచనుగా పడుతుందని అనుకోకండి, ప్రాజెక్టు నిధులు ఆలస్యమైతే ఫెలోషిప్ కూడా ఆలస్యమవుతుంది. మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని చేరండి.

మనిషి ఎలాంటివాడో కనుక్కోండి

రెండు మూడేళ్లు మీ జీవితం ఒక మనిషి చేతిలో ఉంటుంది. పేపర్లో పేరు వస్తుందా రాదా, సెలవు దొరుకుతుందా, వీసా పొడిగిస్తారా, తర్వాతి ఉద్యోగానికి లెటర్ రాస్తారా, అన్నీ ఆ మనిషి మీదే. అందుకే ఆ ల్యాబ్ వదిలి వెళ్లిపోయిన ఇద్దరితోనైనా మాట్లాడకుండా ఒప్పుకోవద్దు. ఇప్పుడు ఉన్నవాళ్లు నిజం చెప్పలేకపోవచ్చు, వెళ్లినవాళ్లు చెబుతారు. ల్యాబ్ సైటులో పాత సభ్యుల పేర్లుంటాయి. అసలు ఆ పేజీయే లేకపోతే ఎందుకు లేదో ఆలోచించండి.

మెయిల్‌లో అడిగితే అందరూ "చాలా మంచి ల్యాబ్" అనే రాస్తారు. పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడతారా అని అడగండి. మాట కలిశాక ల్యాబ్ మంచిదా కాదా అని కాకుండా ఇలా అడగండి: మీరు ఇచ్చిన డ్రాఫ్ట్ ఎన్నాళ్లకి చదివి ఇచ్చేవారు? ప్రయోగం ఫెయిలైన వారం మీటింగ్ ఎలా ఉండేది? గత ఐదేళ్లలో పోస్ట్‌డాక్‌లుగా వచ్చినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? వెళ్లేటప్పుడు ప్రాజెక్టులో కొంత భాగం వెంట తీసుకెళ్లనిచ్చారా? మా ల్యాబ్ సీనియర్ అక్క ఒకావిడ ఈ ఆఖరి ప్రశ్న అడిగితే అవతల కాసేపు మౌనం, తర్వాత "ఇంకెక్కడైనా చూసుకోండి" అన్నారట. అక్క ఆ ఆఫర్ వదిలేసింది, ఆరు నెలలకి ఇంకోటి వచ్చింది.

తెలుగువాళ్లు పెద్ద క్యాంపస్ ఏదైనా ఎవరో ఒకరు ఉంటారు. ఇంటి అద్దె, చలి, పిల్లల బడి గురించి వాళ్లని అడగండి, ఎంతో ఓపికగా చెబుతారు. ల్యాబ్ గురించి మాత్రం ఆ ల్యాబ్‌లో పనిచేసినవాళ్ల మాటే నమ్మండి.

మెయిల్ రాయడం

నా మొదటి మెయిల్ ఇంచుమించు ఇలా ఉండేది, తెలుగులో చెబుతున్నాను: "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ పరిశోధన నన్నెంతో ఆకట్టుకుంది. నాకు పీసీఆర్, వెస్టర్న్ బ్లాట్, క్లోనింగ్, ప్రోటీన్ ప్యూరిఫికేషన్ వచ్చు. కష్టపడి పనిచేస్తాను. మీ ప్రతిష్ఠాత్మకమైన ల్యాబ్‌లో అవకాశం ఇప్పించగలరని మనవి." ఇలాంటివి నలభై పంపాను. ఒక్క జవాబు రాలేదు. ఆ మెయిల్‌లో ప్రొఫెసర్ పేరు మారిస్తే ఇంకెవరికైనా సరిపోతుంది. అసలు లోపం అక్కడే ఉంది.

తర్వాత మా గైడ్ గారు పక్కన కూర్చోబెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా తిరగరాయించారు. సబ్జెక్టు లైనులో "పోస్ట్‌డాక్ ఎంక్వైరీ" తీసేసి, నేను పనిచేసిన కైనేజ్ (ఒక రకం ఎంజైము) పేరు, నా ప్రశ్న నాలుగు మాటల్లో పెట్టించారు. లోపల ఇలా మారింది:

"మీ గ్రూపు పోయినేడు వేసిన పేపర్‌లో, ఆటోఫాస్ఫోరిలేషన్ ఆగిపోతే ఈ కైనేజ్ మెంబ్రేన్ దగ్గరికి చేరదని చూపించారు. నా థీసిస్‌లో అదే కుటుంబానికి చెందిన మలేరియా పరాన్నజీవి కైనేజ్‌ని శుద్ధి చేసి చూశాను. అందులో ఆటోఫాస్ఫోరిలేషన్ ఆపినా మెంబ్రేన్‌కి అతుక్కోవడం ఆగలేదు. ఎన్-చివర ఉన్న కొవ్వు గొలుసే ఈ తేడాకి కారణమా అన్నది తేల్చాలని నా కోరిక. లైపోసోమ్ బైండింగ్, మాస్ స్పెక్ నేను సొంతంగా చేయగలను. క్రయో-ఈఎం రాదు, మీ దగ్గర నేర్చుకోవాలనుంది. ఫిబ్రవరిలో నా వైవా. సెప్టెంబరు గడువుకి మేరీ క్యూరీ ఫెలోషిప్ మీ ల్యాబ్ తరఫున రాయాలనుకుంటున్నాను. ఇరవై నిమిషాలు మాట్లాడే వీలుంటుందా?"

చూడండి, ఇందులో పొగడ్త లేదు. వాళ్ల ఫలితం, నా ఫలితం, రెండింటి మధ్య తేడా, దాని మీద ఒక ప్రశ్న, నాకు వచ్చింది, రానిది, తేదీ, డబ్బు ఎలా తెస్తానన్నది. రానిది రాదని చెప్పడం వల్ల వచ్చు అన్న మాటకి విలువ పెరిగింది. ఆ మూసలో ఏడు మెయిళ్లు పంపితే మూడు జవాబులు వచ్చాయి.

రెండు పేజీల సీవీని పీడీఎఫ్‌గా జత చేయండి. సీవీలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, పాస్‌పోర్ట్ ఫొటో అక్కర్లేదు, విదేశాలకి పంపేటప్పుడు మరీనూ. పేపర్ ఇంకా అచ్చవ్వకపోతే బయోఆర్కైవ్‌లోనో కెమ్ఆర్కైవ్‌లోనో పెట్టి ఆ లింకు ఇవ్వండి. "పేపర్ రాస్తున్నాం" అన్న మాట ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కళ్లతో చదవగలిగిన ప్రిప్రింట్‌ని తీసుకుంటారు. రెండు వారాల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు వాక్యాలతో ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే జాబితాలో తర్వాతి పేరుకి వెళ్లండి.

ఫెలోషిప్పులు

సొంతంగా ఫెలోషిప్ తెచ్చుకుంటానన్న మనిషికి ప్రొఫెసర్ తలుపు తొందరగా తెరుచుకుంటుంది. ఫలితం రాకపోయినా, కలిసి దరఖాస్తు రాసే ఆ రెండు మూడు నెలల్లో మీ ఇద్దరికీ పొసుగుతుందో లేదో తెలిసిపోతుంది. మేరీ క్యూరీ దరఖాస్తు తిరస్కరణకి గురయ్యాక అదే ప్రొఫెసర్ తన గ్రాంటు మీద తీసుకున్న సందర్భాలు నాకు తెలుసు.

మేరీ క్యూరీ పిలుపు వేసవిలో వెలువడుతుంది, గడువు సెప్టెంబరులో, ఫలితాలు ఫిబ్రవరిలో. గడువుకి ముందు 36 నెలల్లో మీరు వెళ్లాలనుకునే దేశంలో 12 నెలలకి మించి ఉండకూడదు. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకి ఇది అడ్డంకి కాదు. పోటీ మాత్రం బాగా పెరిగింది, 2025లో 17 వేలకి పైగా దరఖాస్తులు పడ్డాయి. కాబట్టి ఇదొక్కటే నమ్ముకోకండి. హంబోల్ట్‌కి ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు పంపవచ్చు, ఎంపిక సమావేశాలు ఏడాదికి మూడుసార్లు జరుగుతాయి. జర్మన్ ప్రొఫెసర్ అంగీకార పత్రం ముందే ఉండాలి. జపాన్ జేఎస్‌పీఎస్ సాధారణ పథకంలో పీహెచ్‌డీ అయిన ఆరేళ్ల లోపు వాళ్లని 12 నుంచి 24 నెలలకి తీసుకుంటారు, నెలకి 3,62,000 యెన్‌లు ఇస్తారు. దరఖాస్తు పెట్టేది మీరు కాదు, అక్కడి ప్రొఫెసరే. అందుకే జపాన్ వాళ్లకి మెయిల్ ముందుగా, ఓపికగా రాయాలి. అమెరికా ఎన్ఐహెచ్ ఇచ్చే ఎఫ్32 ఫెలోషిప్ అక్కడి పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మనవాళ్లు తెలియక దాని మీద వారాలు పోగొట్టుకుంటారు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్ మాత్రం భారతీయుల కోసమే.

ఇక్కడే ఉండాలనుకుంటే ఎన్‌పీడీఎఫ్ రెండేళ్లు. ఒకప్పుడు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్ఈఆర్‌బీ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్ చూస్తోంది, పాత పేరుతో వెతికితే పాత పేజీలే తగులుతాయి. జీవశాస్త్రాలకి డీబీటీ-ఆర్ఏ, అన్ని సైన్సులకీ సీఎస్ఐఆర్-ఆర్ఏ, బెంగళూరు ఐఐఎస్‌సీలో సీవీ రామన్ పోస్ట్‌డాక్, ఐఐటీల సొంత పోస్ట్‌డాక్ పథకాలు ఉన్నాయి. బయోమెడికల్ వాళ్లు ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ తప్పక చూడాలి. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

సిఫార్సు లెటర్లు

ముగ్గురు కావాలి. గైడ్ కాక, మీ డాక్టోరల్ కమిటీలో మీ పని నిజంగా తెలిసిన ఒకరు, కొలాబరేటర్ ఒకరు. పెద్ద హోదా ఉండి మీ ముఖం గుర్తులేని మనిషి రాసే లెటర్ అర పేజీ దాటదు. మూడు వారాల ముందు అడగండి. సీవీ, ప్రాజెక్టు సారాంశం, గడువు తేదీలు ఒకే మెయిల్‌లో పంపండి. మన దగ్గర "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా" అనే అలవాటు ఉంది. అలా జరిగితే మీ పొగడ్తలు మీరే రాసుకోకుండా, మీరిద్దరూ కలిసి దాటిన సమస్యలు, తేదీలు, ఫలితాలు పాయింట్లుగా ఇచ్చి, "మాటలు మీవే అయితే బాగుంటుంది సర్" అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. లెటర్ సొంత మెయిల్‌తో కాకుండా సంస్థ మెయిల్ ఐడీతో వెళ్లేలా చూసుకోండి.

గైడ్‌తో పడనివాళ్లు కూడా ఉంటారు. దాన్ని దాచకండి, తిట్టనూ తిట్టకండి. కమిటీ సభ్యుల్లో ఒకరిని నమ్మకంగా కలిసి పరిస్థితి చెప్పండి, వాళ్ల లెటర్‌లోనే ఒక వాక్యం రాస్తారు.

ఇంటర్వ్యూ

సాధారణంగా నలభై ఐదు నిమిషాల సెమినార్, తర్వాత ల్యాబ్ వాళ్లతో విడివిడిగా మాటలు. ఒక్క కథ చెప్పండి, థీసిస్ నాలుగు అధ్యాయాలూ కాదు. ఏ గ్రాఫ్ ఎదురుతిరిగిందో, అప్పుడేం చేశారో చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, ఏ ప్రయోగం చేస్తే తెలుస్తుందో చెప్పండి. ఆ జవాబుకే మనుషుల్ని తీసుకుంటారు. మనం పెద్దవాళ్ల ముందు ప్రశ్నలు అడగకుండా పెరిగాం. ఇక్కడ అడగకపోతే ఆసక్తి లేదనుకుంటారు. ఐదు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి.

ఆఫర్ వచ్చాక

మాట మీద ఆగిపోకుండా మెయిల్‌లో రాయించుకోండి: ఎంత జీతం, ఎన్ని నెలలు, ఏటా పొడిగింపు ఎలా, ఆరోగ్య బీమా కుటుంబానికీ వర్తిస్తుందా, వీసా ఖర్చు ఎవరిది. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఎన్ఐహెచ్ జీతాల పట్టికని చూసి ఇస్తాయి. 2024లో అనుభవం లేని పోస్ట్‌డాక్‌కి అది ఏడాదికి 61,008 డాలర్లు. అదే జీతం బోస్టన్‌లో ఒక రకంగా, మధ్య అమెరికాలో ఇంకో రకంగా సరిపోతుంది. అద్దె లెక్క ముందే వేసుకోండి.

అమెరికాకి ఎక్కువగా జే-1 వీసా మీద పిలుస్తారు, రీసెర్చ్ స్కాలర్‌గా ఐదేళ్ల దాకా ఉండొచ్చు. ఇదివరకు మన సబ్జెక్టులు చాలా వరకు స్కిల్స్ లిస్టులో ఉండి, రెండేళ్లు ఇండియాలో ఉండి తీరాలన్న నిబంధన పడేది. 2024 డిసెంబరులో ఆ లిస్టు నుంచి ఇండియాని తీసేశారు. ప్రభుత్వ డబ్బుతో, ఉదాహరణకి ఫుల్‌బ్రైట్ మీద, వెళ్లేవాళ్లకి మాత్రం నిబంధన ఇంకా ఉంది. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ల కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు కాబట్టి "హెచ్-1బీ ఇప్పిస్తాం" అన్న మాట వింటే యూనివర్సిటీ అంతర్జాతీయ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా అడగండి. బ్రిటన్ వెళ్లేవాళ్లకి కొన్ని సైన్సు సబ్జెక్టుల్లో వీసాకి ముందు ఏటాస్ అనుమతి కావాలి, దానికి వారాలు పడుతుంది. ఈ లోపు మీ యూనివర్సిటీ నుంచి ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెచ్చుకోండి, పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. ఇంటిపేరు ముందూ వెనకా అయి వీసా దగ్గర ఆగిపోయినవాళ్లు మన తెలుగువాళ్లలో ఎక్కువ.

ఒప్పుకున్న రోజే, జవాబు కోసం ఎదురుచూస్తున్న మిగతా ప్రొఫెసర్లకి రెండు వాక్యాల మెయిల్ పంపి వైదొలగండి. లెటర్లు రాసిన ముగ్గురికీ ఎక్కడ చేరుతున్నారో ఫోన్ చేసి చెప్పండి.